భయము, విస్మయము, భక్తి: మూడు తెగల చలనచిత్రములు

చలనచిత్రశాలలో నడుగుపెట్టు ప్రతి మనుజుడును తన బుద్ధిలో కొంతభాగమును ద్వారముకడ అప్పుగా నిచ్చి లోనికి బోవును. ఎదుట నున్నది తెల్లని తెఱ యనియు, దానిపై నాడునవి వెలుగునీడ లనియు ఎఱిగియుండియు, రెండు మూడు గంటలు వానిని నిజమని తలంచుటకు సమ్మతించును. ఈ యప్పు లేనిదే కళ లేదు. నాటకమునకును, హరికథకును, తోలుబొమ్మలాటకును మన పూర్వు లిట్లే అప్పిచ్చిరి. కాని తీసికొన్నవాడు దానిని మఱల తీర్చెనా లేదా యని యడుగు హక్కు ఇచ్చినవానికి గలదు. ప్రేక్షకుడు బయటికి వచ్చునప్పుడు తన బుద్ధి తనకు సరిగా ముట్టెనా, కొంత వడ్డీతో గూడ ముట్టెనా, లేక అసలునకే మోసము వచ్చెనా? ఈ లెక్క చూచుటయే విమర్శకుని పని యని మా యభిప్రాయము.

మేము చలనచిత్రకళను శాస్త్రముగా నభ్యసించినవారము కాము. సెలవుదినములలో ఇంటివారితో గూడి చూచు సామాన్యప్రేక్షకులము. మేమున్న గోవాడ చోడవరమునకు చేరువనున్న చెఱకుసీమ. చక్కెర కర్మాగారము పేరుచే పలువురకు తెలిసిన యూరు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు విశాఖపట్టణము జిల్లానుండి అనకాపల్లి జిల్లాలోనికి వచ్చినది. ఒకప్పుడు ఇట్టి పల్లెలవారు చిత్రము చూడవలెనన్న బస్తీకి బోవలసి యుండెడిది. ఇప్పుడు చిత్రమే ఇంటికి వచ్చుచున్నది. గోడకు తగిలించిన టీవీలోను, పిల్లవాని చేతనున్న ఫోనులోను, ఇరువది యేండ్లనాటి చిత్రమును నిన్నటి చిత్రమును ఒక్క వరుసలో నిలిచి పిలుచుచున్నవి. అందుచే ఏది చూడవలెను, ఎట్లు చూడవలెను అను ప్రశ్న చిత్రశాలవారి చేతినుండి గృహస్థుల చేతికి వచ్చినది. ఆ ప్రశ్నను మూడు తెగల చిత్రములను బట్టి ఇచట విచారింప దలచితిమి.

ఈ మూటిని ఒక్కచో చేర్చుట యేల యని చదువరు లడుగవచ్చును. అపరాధ పరిశోధనమును నడుపు చిత్రము, అనగా ఇప్పటివారు థ్రిల్లరని పిలుచునది, భయముపై బ్రతుకును. సైన్సు ఫిక్షనను విజ్ఞానకల్పన విస్మయముపై బ్రతుకును. క్రీస్తు చరిత్రమును జెప్పు చిత్రము భక్తిపై బ్రతుకును. భయానకమును అద్భుతమును భరతుడు రసములలో లెక్కించెను. భక్తి రసమా భావమా యని ఆలంకారికులు వాదించిరి. మన తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున దానిని భావముగనే నిలిపెను. రసమైనను భావమైనను, మనుజుని వివేకమును క్షణకాలము ప్రక్కకు నెట్టుటలో ఈ మూటికిని సమానమైన బలము గలదు.

వంచకుడు ఇంటిలోనికి దూఱుటకును ఈ మూడే ద్వారములు. చిల్లంగి పెట్టిరను భయము మొదటిది. ఆ యనుమానముతో నిరపరాధులను కొట్టి చంపిన వార్తలు మన యుత్తరాంధ్రపు మన్యమునుండి ఈ శతాబ్దమునను వచ్చుచునే యున్నవి. శాస్త్రము పేరు చెప్పి అద్భుతౌషధములను అమ్ముట రెండవది. అట్టి ప్రకటనలను నిషేధించు చట్టము 1954లోనే పుట్టినను, ఆ వ్యాపారము చావలేదు. దైవము పేర ధనమును మానమును హరించుట మూడవది. దానికి మతభేదము లేదు. వీరేశలింగము పంతులుగారి కాలమునుండి మన సంస్కర్తలు ఈ మూడు ద్వారములకడనే కావలి కాచుచున్నారు. కావున ఈ మూడు భావములను వృత్తిగా గైకొన్న చిత్రములు మన యింటివారిని మేల్కొల్పుచున్నవో నిద్రపుచ్చుచున్నవో చూచుట వట్టి కాలక్షేపపు ముచ్చట కాదు.

ముందుగా ఉత్కంఠచిత్రము. ఆంగ్లదర్శకుడు హిచ్‌కాక్ ఉలికిపాటునకును ఉత్కంఠకును గల భేదమును వివరించుచు బల్లక్రింది బాంబును దృష్టాంతముగా చెప్పెడివాడు. బాంబున్నదని మనకు తెలియకుండ అది ప్రేలినచో కలుగునది క్షణికమైన ఉలికిపాటు. దాని సంగతి మనకు తెలిసి, బల్లకడ గూర్చున్నవారికి తెలియక, వారు నింపాదిగా మాటలాడుచుండగా కలుగునది ఉత్కంఠ. మొదటిదానిలో ప్రేక్షకుని దేహము మాత్రమే అదరును. రెండవదానిలో వాని బుద్ధి పనిచేయును. తలుపు చప్పుడుచేతను, చెవులు పగులు వాద్యఘోషచేతను మాటిమాటికి మనల నదరించు చిత్రము ఉత్కంఠచిత్ర మనిపించుకొనదు. అది వీపువెనుక నిలిచి కేకవేయు పిల్లవాని చేష్ట.

మన భాషలో ఈ తెగకు అచ్చుపుస్తకముల వంశము గలదు. వంగభాషనుండి వచ్చిన అపరాధ పరిశోధక నవలలను మన తాతలు చదివిరి; కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరుని మన తండ్రులు చదివిరి. పెద్దలు వానిని చాటుగా చదువవలసిన పుస్తకములని యెంచిరి. మా మట్టుకు మేము వానిని తర్కమునకు తొలి వాచకములని యెంచుదుము. పొగను జూచి నిప్పును ఊహించుట మన నైయాయికుల వృత్తి. బురదలోని యడుగును జూచి మనుజుని ఊహించుట పరిశోధకుని వృత్తి. రెండును అనుమానప్రమాణమే.

ఈ తెగలో 1985లో వచ్చిన వంశీగారి ‘అన్వేషణ’ నేటికిని చూడదగిన చిత్రము. ఒక యడవి; అందు చావులు; అవి పులి చేసినవని జనుల నమ్మకము. పక్షుల కూతలలో సంగీతస్వరముల మూలమును వెదకుటకు ఒక యువతి ఆ యడవికి వచ్చును. భానుప్రియ ధరించిన ఈ పాత్రను మేము ప్రత్యేకముగ మెచ్చుచున్నాము. అడవికి వచ్చిన కథానాయిక చదువుకై వచ్చుట మన చిత్రములలో అరుదు. ఇళయరాజా సంగీతము భయమును వాద్యఘోషతో గాక నిశ్శబ్దముతోను ఒంటరి స్వరముతోను కల్పించినది. చిత్రము నడచినకొలది, పులి యను మాటను మొదట పలికినదెవరు, దానివలన లాభము పొందినదెవరు అని మనమే ప్రశ్నింప మొదలిడుదుము. తుదకు అపరాధి యెవరన్నది చూడనివారికొఱకు చెప్పక విడుచుచున్నాము. పులి యన్నచోట పులియే యని నమ్మరాదను పాఠము మాత్రము చెప్పుట తప్పు కాదు. చిల్లంగి యన్నచోట చిల్లంగియే యని నమ్మరాదని పల్లెకు చెప్పుటకు ఇంతకంటె చక్కని ప్రవేశిక లేదు.

చంద్రశేఖర్ యేలేటిగారి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) మఱియొక మెట్టు పైకెక్కినది. ఒక యువతి జీవితమున ఒక దినము జ్ఞాపకమునుండి పూర్తిగ తొలగిపోవును. తన్ను చంపజూచువా రెవరో, ఏల చంపజూచుచున్నారో ఆమె యెఱుగదు. పోయిన దినమును తానే వెదకికొనుట కథ. ఆ దినము వెనుక దాగియున్నది మూఢభక్తి పెంచిన ఘోరము. భయమునకు కారణము దయ్యము గాదు, దయ్యములను దేవతలను అమ్ముకొను మనుజుడని తేల్చిన ఈ చిత్రము సంస్కారప్రియులకు బంధువు. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ హాస్యపు ముసుగులో ఇదే దారి త్రొక్కినది. మృతులయెడ మనకు గల ధర్మభీతిని వంచకు లెట్లు వాడుకొందురో అది నెల్లూరి వీథులలో త్రిప్పి చూపినది.

ఇక ఈ తెగలో ఇంటింట చూడబడినది 2014నాటి ‘దృశ్యం’. జీతూ జోసెఫ్ 2013లో మలయాళమున తీసిన చిత్రమును శ్రీప్రియగారు తెలుగు చేసిరి. వెంకటేశ్, మీనా నటించిరి. నాయకుడు రాంబాబు కేబుల్ టీవీ నడుపు పల్లెటూరివాడు. చదువు కొంచెము, చూచిన సినిమాలు కొల్లలు. వాని కూతురు స్నానము చేయుచుండగా ఒక దుర్మార్గుడు చాటుగా చిత్రముతీసి బెదిరించును. తల్లియు కూతురును తమ్ము కాపాడుకొను పెనుగులాటలో వాడు మరణించును. వాని తల్లి పోలీసుశాఖలో ఉన్నతాధికారిణి. అటుపిమ్మట రాంబాబు తాను సినిమాలలో నేర్చిన విద్యతోనే సాక్ష్యములను, టికెట్లను, జనుల జ్ఞాపకములను పేర్చి, జరిగిన దినమును జరుగని దినముగ మార్చివైచును. సామాన్యప్రేక్షకుడే కథానాయకుడైన చిత్రమిది. కట్టడములో దీనికి వంక పెట్టజాలము. ప్రతి చిన్నవస్తువును మన కన్నులయెదుట ముందే యుంచి, పిదప దాని యుపయోగమును జూపును. మననుండి దీసికొన్న అప్పును పైసతోగూడ తీర్చినది.

అయినను ఆడపిల్లలు గల గృహస్థులు ఈ చిత్రమును చప్పట్లు కొట్టి మఱచిపోరాదు. ఆ తండ్రి తన తెలివినంతయు దేనిని దాచుటకు వినియోగించెను? చావును మాత్రమే కాదు. కూతురికి జరిగిన అవమానమునుకూడ దాచెను. ఆ బాలిక చేసిన తప్పేమి? ఏమియు లేదు. సిగ్గుపడవలసినవాడు చిత్రముతీసినవాడు. అయినను తెఱపై ఆ బిడ్డ తుదివఱకు నేరస్థురాలివలెనే తలవంచుకొని యుండును. పోలీసుల పేరు విన్న వణకును. అట్లు చాటుగా చిత్రము తీయుట దండనీయమైన నేరమని 2013లోనే మన శిక్షాస్మృతిలో చేర్చిరి; 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో అది 77వ సెక్షను. బెదిరింపు వచ్చిన తొలిదినముననే ‘అమ్మా, నీ తప్పు లేదు’ అని కూతురితో పలికి, ఆమెను వెంటబెట్టుకొని ఠాణాకు నడచు తండ్రిని మన చిత్రములు వీరునిగా జూపుట యెప్పుడు? దృశ్యము చూచిన ప్రతి యింట ఆ సాయంకాలము ఈ మాట జరుగవలెను. జరిగినచో ఆ చిత్రము మేలు చేసినదగును. జరుగనిచో, పరువుకొఱకు నోరు మూసికొనుటయే తెలివియను పాత పాఠమును క్రొత్త నేర్పుతో మఱల చెప్పినదగును.

ఇటీవలి ఉత్కంఠచిత్రములలో పెక్కింటికి ఈ మాత్రపు చర్చయు అక్కఱలేదు. హంతకునికి బాల్యమున ఏదియో దుఃఖము, పరిశోధకునికి ఏదియో మనోవ్యాధి, నడుమ నడుమ రక్తము, నిందితుని కొట్టుటయే పరిశోధనము. కొట్టిన చెప్పించునది సత్యము కాదు, కొట్టువాడు కోరినది. ఈ సంగతిని ఏ చిత్రమైనను ధైర్యముగ చెప్పినచో మేము మొదటి వరుసలో గూర్చుండి చూతుము.

రెండవ తెగ విజ్ఞానకల్పన. ఇది మనకు క్రొత్తదని కొంద ఱనుకొందురు. స్విఫ్టు వ్రాసిన గల్లివరు యాత్రల ననుసరించి వీరేశలింగము పంతులుగారు ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ను పందొమ్మిదవ శతాబ్దిలోనే వ్రాసిరి. స్త్రీలు పెత్తనము చేయు దేశమును ఊహించి, మన యిండ్లలో స్త్రీల కేమి జరుగుచున్నదో పురుషులకు అద్దమున జూపిరి. లేని లోకమును కల్పించి ఉన్న లోకమును ప్రశ్నించుట ఈ తెగకు ప్రాణము. యంత్రములు, పొగలు, రంగుదీపములు దానికి వస్త్రములు మాత్రమే.

ఇచట మాయకును విజ్ఞానకల్పనకును గల భేదమును గుర్తింపవలెను. కె. వి. రెడ్డిగారి ‘మాయాబజార్’లో (1957) ప్రియదర్శిని యను పేటిక యున్నది. మూత తెఱచినవారికి తమకు ప్రియమైనవారు కనబడుదురు. అది ఎట్లు పనిచేయునని ఏ ప్రేక్షకుడును అడుగడు. ఆ చిత్రము అది శాస్త్రమని చెప్పుకొనలేదు. ‘ఇది మాయ, నవ్వుకొనుడు’ అని ముందే ఒప్పుకొన్న నిజాయితీ దానిది. మా శిష్యులు కొందఱు ఆ పేటికను నేటి వీడియో కాలుతో పోల్చి, మన పూర్వులకు ఇవన్నియు తెలియునని వాదింతురు. వారితో మేము చెప్పునది ఒక్కటే. కోరిక వేఱు, సాధనము వేఱు. దూరముననున్నవారిని చూడవలెనను కోరిక మన పూర్వులకు ఉండెను. అది మనుజులందఱి కోరిక. దానిని సాధించుటకు విద్యుదయస్కాంత తరంగముల గణితము, ప్రయోగశాలలు, వందలమంది జీవితకాలపు శ్రమ కావలసివచ్చెను. కోరికనే సాధనమని చెప్పుకొన్నచో పూర్వులకు గౌరవము కలుగదు; పిల్లవానికి శ్రమపై గౌరవము తగ్గును. కవియొక్క ఊహను ఊహగనే మెచ్చుట కవికిని శాస్త్రమునకును మేలు.

తెలుగున విజ్ఞానకల్పనకు నిజమైన తొలి విజయము సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ (1991). హెచ్. జి. వెల్సు 1895లో ప్రకటించిన ‘టైం మెషిన్’ నవలనుండి వాహనమును దెచ్చి, దానిలో మనవారిని ఎక్కించి, 1526వ సంవత్సరపు విజయనగరమునకును, అటుపిమ్మట 2504వ సంవత్సరమునకును పంపినది. బాలకృష్ణ నేటి యువకుడుగను శ్రీకృష్ణదేవరాయలుగను రెండు పాత్రలు ధరించెను. రాయలు 1509 నుండి 1529 వఱకు ఏలెను గనుక సంవత్సరము చక్కగ కుదిరినది. తెనాలి రామకృష్ణుడు ఆ సభలోనివాడా యను వివాదము పండితులలో గలదు. జనశ్రుతి ననుసరించిన చిత్రము నందుకు తప్పుపట్ట నక్కఱలేదు. ఈ చిత్రమునకు మూలబలము మన చరిత్రమే. పరదేశపు యంత్రమెక్కి పోయి తెలుగు కవిత్వము విలసిల్లిన సభలో దిగుట అను నొక్క యూహచే పరకీయమైన తెగ స్వకీయమైనది. తరగతిలో రాయల పాఠము చెప్పునప్పుడు ఈ చిత్రమును జూచిన పిల్లల కన్నులు మెఱయుట మే మెఱుగుదుము.

దాని కొఱతయు చెప్పవలెను. వెల్సు తన కాలయంత్రమును ఊరక తిరుగుటకు పంపలేదు. పనిచేయువారు భూమిక్రిందను, అనుభవించువారు భూమిపైనను చీలిపోయి రెండు జాతులైన భవిష్యత్తును జూపి, తన నాటి యింగ్లండును భయపెట్టెను. మన చిత్రములోని భవిష్యత్తులోను మూడవ ప్రపంచయుద్ధపు అణుధూళికి వెఱచి మనుజులు భూమిక్రింద నివసింతురు. కాని ఆ దశకు మనల తెచ్చినదెవరు, అచ్చట పనిచేయువా రెవరు, అనుభవించువా రెవరు అను ప్రశ్న వినబడదు. ఆ భాగము వింతవస్తువుల ప్రదర్శనగ సాగిపోవును. విస్మయము కలిగినది, ప్రశ్న పుట్టలేదు. అసలు ముట్టినది, వడ్డీ రాలేదు.

2022నాటి ‘ఒకే ఒక జీవితం’ ఖర్చులో చిన్నది, హృదయమున పెద్దది. శ్రీ కార్తీక్ తీసిన ఈ చిత్రమున ఒక యువకుడు ప్రమాదమున మరణించిన తల్లిని కాపాడుకొనుటకై 1998వ సంవత్సరమునకు మఱలి పోవును. తల్లిగా అమల, యంత్రము నిర్మించిన శాస్త్రజ్ఞునిగా నాజర్ నటించిరి. జరిగినదానిని చెఱపివేయు శక్తి యంత్రమున కుండినను, దుఃఖమును ఓర్చుకొను శక్తి మనుజుడు తానే సంపాదింపవలెనని ఇది నెమ్మదిగ చెప్పును. తాను పెట్టుకొన్న నియమమునకు కట్టుబడి, కన్నీటికొఱకు దానిని మీఱకపోవుట మెచ్చదగినది. విజ్ఞానకల్పనలో ఎంతటి యసాధ్యమునైనను ఒక్కమాఱు మేము ఒప్పుకొందుము. ఒప్పుకొన్న పిదప దాని నియమమును మధ్యలో మార్చుటను మాత్రము ఒప్పుకొనజాలము.

2024లో నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏ.డి.’ మన పరిశ్రమకు గల సాధనసంపత్తిని లోకమునకు చాటినది. కురుక్షేత్రమునుండి సుమారు 6000 ఏండ్లు లెక్కించి కథాకాలమును నిర్ణయించిరి. నీరు, చెట్లు, ఆహారము అన్నియు ‘కాంప్లెక్స్’ అను నొక్క దుర్గములోనివారి సొత్తు. బయట కాశిలో దుమ్ము, ఆకలి. గర్భిణీస్త్రీల దేహములనుండి సారమును పిండి ఏలిక తన యాయువును పెంచుకొనజూచును. ఎంతటి యూహ ఇది! నీటికై బిందెలతో నిలిచిన పల్లెపడుచులును, పరుల సుఖమునకై దేహమును అద్దెకిచ్చు పేదతల్లులును ఉన్న దేశమున, స్త్రీగర్భము ముడిసరకైన రాజ్యమును చూపుటకంటె పదునైన ప్రశ్న యుండునా? కాని ప్రశ్న మొదలైనంతనే పోరాటము వచ్చును. అది ముగిసినంతనే మఱియొక పోరాటము. అమితాబ్ బచ్చన్ ధరించిన అశ్వత్థామ గంభీరుడే. అయినను స్త్రీల దుస్థితికి విరుగుడు అవతారపురుషుడు మాత్రమే యైనచో, చూచుచున్న స్త్రీలు చేయవలసినది యేమి? నిరీక్షించుటయా? సంస్కర్తలు నూఱేండ్లకు పైగా వలదన్నది ఆ నిరీక్షణమునే గదా! చిత్రకథకు ఇంకను భాగము మిగిలియున్నదందురు. ఆ స్త్రీలకు అందులో నోరు వచ్చునని ఆశింతుము.

మన తెలుగునేలపై శ్రీహరికోట యున్నది. 2023 జూలై 14న చంద్రయానము మూడవది అచటినుండియే లేచి, ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. 2019లో రెండవ చంద్రయానపు అవతరణయంత్రము విఫలమైన కారణములను లెక్కవేసి, సవరించి, మఱల పంపిరి. విఫలమైన లెక్కను దిద్దుకొనుటలోనున్న ఉత్కంఠ ఏ ఖడ్గయుద్ధమునకు దీసిపోవును? ఆ లెక్కల వెనుక నిద్రమానిన స్త్రీపురుషులను నాయకులుగ జేసి, ఇంటిల్లిపాదియు చూడదగిన తెలుగుచిత్రమును తీయుటకు మనవారికి కావలసినది ధనము గాదు, నమ్మకము.

మూడవ తెగ క్రైస్తవచిత్రము. చదువరులలో కొందఱు ఇచట కనుబొమలు ముడువవచ్చును. వారికి మొదట ఒక చరిత్రాంశమును జ్ఞాపకము చేయుదుము. 1910 ప్రాంతమున బొంబాయిలో దాదాసాహెబు ఫాల్కే క్రీస్తు జీవితచిత్రమును జూచి, మన రాముని, కృష్ణుని ఇట్లు తెఱపై చూడలేమా యని తపించి, 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను తీసెను. మన పౌరాణికచిత్రము పుట్టుటకు క్రైస్తవచిత్రము ప్రేరణము. అట్టి తెగను పరాయిదనుట చరిత్ర నెఱుగకపోవుట. మన విశాఖపట్టణమునకు ఇందు ప్రత్యేకమైన సంబంధమును గలదు. లండను మిషనరీలు 1805లో ఇచటికి వచ్చి తెలుగు నేర్చి, సువార్తలను అనువదింప దొడగిరి. వారి సువార్తలు మూడు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. పిమ్మట పురుషోత్తమ చౌదరిగారివంటి కవులు క్రీస్తును తెలుగురాగములలో పాడిరి. తెలుగు క్రైస్తవము ఈ నేలపై రెండు వందల యేండ్లుగా తెలుగే మాటలాడుచున్నది.

ఆ పాటల త్రోవలోనే 1978లో ‘కరుణామయుడు’ వచ్చెను. భీంసింగుగారి దర్శకత్వము; విజయచందర్ క్రీస్తు పాత్రధారి. ఈ చిత్రము పెక్కు భాషలలోనికి మార్చబడి, హిందీలో ‘దయాసాగర్’ అను పేర ఊరూర తెఱకట్టి చూపబడినది. చిత్రశాల మొగమెఱుగని పల్లెజనము ఆరుబయట నేలపై గూర్చుండి చూచి కన్నీరు గార్చిరి. ఇందులోని యేసు తెలుగువారి కరుణరసమును ఎఱిగినవాడు. సిలువ మోయు ఘట్టమును మన ప్రేక్షకులు హరిశ్చంద్రుని కాటిసీనును జూచినట్లే చూచిరి. సత్యమునకై బాధపడువాని కథ మనకు క్రొత్తది కాదు గదా! 2004లో మెల్ గిబ్సన్ తీసిన ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’తో దీనిని పోల్చి చూడుడు. ఆ చిత్రము క్రీస్తు చివరి గంటలనే విషయముగ గొని, కొరడాదెబ్బలను, చీలిన చర్మమును దీర్ఘముగ జూపినది. దానిని జూచినపుడు మా శరీరము నొచ్చినది. కరుణామయుని జూచినపుడు మనస్సు నొచ్చినది. బీభత్సము కరుణమునకు సాయపడవచ్చును గాని దాని గద్దె నెక్కరాదు.

1980లో బాపు రమణలు ‘రాజాధిరాజు’ను తీసిరి. ఇందు క్రీస్తుకంటె నూతన్ ప్రసాద్ ధరించిన సైతానే జనులకు ఎక్కువగ జ్ఞాపకమున్నాడు. అది దోషము గాదు. దేవుని వేషమును వేసికొని ఊరిలోనికి వచ్చు సైతానును నవ్వుచు చూపుట, దేవుని పేర వర్తకము చేయువారిని గుర్తుపట్టుటకు మనకు కన్నులిచ్చుటయే. భక్తిచిత్రములో వివేకమునకు ఇంత చోటిచ్చిన ఉదాహరణము మఱియొకటి మాకు తోపలేదు. పిదప వచ్చిన ‘దయామయుడు’ (1987), కృష్ణగారి ‘శాంతి సందేశం’ (2004) మొదలగునవి పాత త్రోవనే నడచినవి.

విజయచందర్ 1983లో ‘ఆంధ్రకేసరి’ చిత్రమున టంగుటూరి ప్రకాశము పంతులుగారి పాత్రను, 1986లో షిరిడీ సాయిబాబా పాత్రను ధరించెను. ఒకే ముఖమును క్రీస్తుగను, బాబాగను, దేశభక్తునిగను తెలుగు ప్రేక్షకుడు స్వీకరించెను. తరగతిలో ఒక్క బల్లపై గూర్చుండు పిల్లలు ఆదివారము చర్చికి కొందఱును, శనివారము కోవెలకు కొందఱును పోవుచుందురు. వారిలో ఒకని యింటి పండుగ రెండవవానికి కథగనైన తెలియకపోవుట మంచిది కాదు. పొరుగువాని దేవుని కథను జూచినంత మాత్రమున తన మతము కరగిపోవునని వెఱచు గృహస్థునికి తన మతముపైననే నమ్మకము తక్కువయని మా తలంపు.

ఇక ఈ తెగయొక్క దోషము. ఇట్టి చిత్రములను తీయువారు మహిమలను పెంచి బోధలను తగ్గింతురు. కుంటివాడు నడచుట, గ్రుడ్డివాడు చూచుట తెఱకు అందముగ నుండును. దెబ్బలుతిని దారిలో పడియున్న పరాయివానిని ఎత్తుకొని పోయి సేవచేసిన సమరయుని కథ అంత అందముగ నుండదు. కాని లూకా సువార్తలోని ఆ కథయే మన పల్లెలకు కావలసినది. ఏ వాడవాడు పడియుండెనని అడుగక ఎత్తుకొనుట మన దేశమున మహిమలకెల్ల మహిమ. మహిమాదృశ్యములనే మేసి పెరిగిన భక్తి, జ్వరము వచ్చిన బిడ్డను ఆసుపత్రికి కొనిపోక ప్రార్థనకూటమునకు కొనిపోవును. మంత్రగాని తాయెత్తుకొఱకు పరుగెత్తునదియు, బాబాల విభూతికొఱకు వరుసలో నిలుచునదియు అదే భక్తి. మన పౌరాణికచిత్రములకును బాబాచిత్రములకును ఈ మాట సమానముగ వర్తించును గనుక, క్రైస్తవసోదరులు దీనిని తమపై మోపిన నిందగ తలంపరని నమ్మెదము.

‘రోజంతయు చెఱకు నఱికి వచ్చినవాడు రెండు గంటలు సంతోషింప గోరును, వానికి మీ పాఠము లెందుకు?’ అని కొంద ఱాక్షేపింతురు. ఆ శ్రామికుని సంతోషమును మేము తక్కువ సేయము. కాని వానికి తెలివి యక్కఱలేదనుటయే వానిని తక్కువ సేయుట. రచ్చబండకడ రామాయణమును విని, వాలివధ న్యాయమా యని తెల్లవార్లు వాదించిన జనమిది. నిరక్షరుడైన రైతు తోలుబొమ్మలాటలో తాళము తప్పినచో గుర్తుపట్టెడివాడు. అడిగి చూచువానికి సంతోషము తగ్గదు, రెట్టించును.

కావున గృహస్థులకు మా విన్నపము చిన్నది. పిల్లలను చిత్రములు చూడవలదనకుడు, ఒంటరిగ చూడనీయకుడు. చూచిన పిదప అన్నము తినుచు మూడు ప్రశ్నలు వేయుడు. ఉత్కంఠచిత్రమైనచో: నిన్ను భయపెట్టినది తుదకు కారణము తెలిపెనా? విజ్ఞానకల్పనయైనచో: ఆ లేని లోకము మన యున్న లోకమును గుఱించి ఏమి యడిగెను? భక్తిచిత్రమైనచో: చూచి లేచిన పిదప నీకు దేవునిపై ప్రేమ పెరిగెనా, పొరుగువానిపై గూడ పెరిగెనా? ఈ ప్రశ్నలకు తల్లులును జవాబు చెప్పవలెను, తండ్రులును చెప్పవలెను; పిల్లల జవాబు మనదానికంటె మేలైనచో ఒప్పుకొనవలెను. అప్పిచ్చిన బుద్ధిని లెక్కచూచి వసూలుచేసికొనుట నేర్చిన బిడ్డను చిల్లంగి పేర భయపెట్టుటయు, శాస్త్రము పేర మోసగించుటయు, దైవము పేర దోచుకొనుటయు ఎవరితరమును కాదు.